ముట్టని చేతులు

సెప్టెంబర్ 8, సోమవారం

ఆళ్లగడ్డ హైవే పక్కన మా గోడౌన్‌లో రోబో దిగింది. ఒకటే చెయ్యి, చివర రబ్బరు కప్పు. గాలి పీల్చి విగ్రహాన్ని ఎత్తి పెట్టెలో పెడుతుంది. అన్నీ ఆన్‌లైన్‌లో అమ్మే జానెడు రాతి విగ్రహాలు. ఎన్ని సరిగ్గా ఎత్తింది, ఎన్ని జారవిడిచింది రాసేది నేను. ముట్టేది లేదు, చూసేదే. ఆదివారాలు వాక్యం చెప్పేవాడికి ఈ పనేందని కొందరు అడుగుతాండారు. నయమాను సేనాపతి కొలువు కోసం రాజు వెంట రిమ్మోను విగ్రహం గుడిలో వంగాల్సొస్తుందంటే ప్రవక్త ఎలీషా సమాధానంగా పొమ్మన్నాడు. నేను బైబిలు కాలేజీ గడప తొక్కలేదు గానీ ఆ మాత్రం తెలుసు.

సెప్టెంబర్ 9

వినాయకుడు జారి బోర్లా పడ్డాడు. బైబిల్లో దేవుని మందసం పెట్టె ముందు దాగోను విగ్రహం పడినట్టే. మనసులో స్తోత్రం చెప్పుకున్నా. ఆ వెనకే ఇంకొకటి పడింది. రాయి మెరవాలని పూసే నూనెకి కప్పు పట్టడం లేదంట. ఇంజనీరు హర్ష తల పట్టుకున్నాడు. ప్యాకింగ్‌లో ఉండే నాగజ్యోతి ఊరుకుంటుందా. "పాస్టరన్నా, మా సామికి నీ మిషను చెయ్యి నచ్చలేదు, ఏం జేస్తావ్?" అనింది. ఆడోళ్లంతా ఒకటే నవ్వు. ప్రసన్నకుమారి కూడా నవ్వింది. మా కూడికలో ముందు వరుసలో కూర్చునే విధవరాలు. ఆమె నవ్వింది.

సెప్టెంబర్ 11

హర్ష మెత్తటి కప్పు మార్చినాడు. ఒక్కటీ జారలేదు. మంగళవారం మనిషికీ మిషనుకీ పోటీ. మనిషి తరఫున ప్రసన్నకుమారి. ఆమెంత చురుగ్గా ఈడ ఎవరూ సర్దరు. ఆమె గెలిస్తే రోబో వెనక్కి పోతుంది. ఓడితే ఆడోళ్లంతా ఇంటికి.

సెప్టెంబర్ 14, ఆదివారం

విగ్రహాల మీద నిప్పులు కురిపించినా. గొంతు పోయింది. వాటిని ముట్టిన చేత్తో ప్రభువు రొట్టె ముడతావా అని అడిగినా. ప్రసన్నకుమారి తల దించుకుంది. కూడిక అయినాక వచ్చి, పని మానుకుంటే మా జెస్సికా నర్సింగ్ చదువు ఆగిపోతుందన్నా అని ఏడ్చింది. గ్లౌజులు వేసుకుంటే ముట్టినట్టు కాదని చెప్పినా. తెల్ల నూలు జత నేనే కొని, ప్రార్థన చేసి ఇచ్చినా.

వాక్యంలో యాడుందని ఆమె అడగలేదు. అడిగుంటే చూపించలేను.

సెప్టెంబర్ 16, మంగళవారం

సగం దాకా ఆమే ముందు. గ్లౌజుల నూలు నూనె తాగింది. నంది జారింది. పగులుతుందని కాలు అడ్డం పెట్టింది. నందికి ఏమీ కాలేదు. పాదం నలిగిపోయింది.

మందసం పడబోతే పట్టుకోను ఉజ్జా చెయ్యి చాపి చచ్చినాడు. ఈమె కాలు చాపింది.

గ్లౌజులు రూల్స్‌లో లేవు కదా, ఎవరు వేసుకోమన్నారని హర్ష అడిగినాడు. మన స్టాఫ్ చెప్పుంటే ఈ పోటీ చెల్లదు, మళ్లీ పెడతామన్నాడు. ఆమె నేల మీద నుంచే నా వైపు చూసింది. నేను పేపరు వైపు చూసినా.

"నేనే ఏసుకున్నా సార్" అనింది.

మనిషి తప్పు అని రాసినా. రోబో పాస్.

సెప్టెంబర్ 17

నాగజ్యోతి ఈరోజు నవ్వలేదు.

సెప్టెంబర్ 19

నంద్యాల ఆసుపత్రి. రెండు కాలి వేళ్లు తీసేసినారు. మంచం పక్కన కూర్చుని యోబు శ్రమలు చదివినా. సగంలో ఆపింది.

"అన్నా, మళ్లీ పోటీ పెట్టమని చెప్పవా? చేతులు బాగనే ఉండాయి నాకి. ఈసారి ఉత్త చేతుల్తో చేస్తా. నువ్వొక్క మాట చెప్తే చాలు."

ప్రభువు చిత్తం అని లేచినా. జెస్సికా నా వెనకాలే వచ్చి తలుపేసింది.

చెప్తే ఏమైతుంది? రాసేవాడే చెడగొట్టినాడని నన్ను తీసేస్తారు. మిషను పోతే సామి గెలిచినాడని నాగజ్యోతి ఊరంతా చాటుతుంది. దేవుని నామం నవ్వులపాలు కాకూడదు. అందుకే. ఉద్యోగం పోతుందని కాదు, దేవుని నామం కోసమే.

సెప్టెంబర్ 22

ఆడోళ్లందరినీ పంపించేసినారు. నన్ను ఉండమన్నారు.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఆమె ఆటోలో వచ్చింది. కర్ర పక్కన పెట్టుకుని ముందు వరుసలోనే కూర్చుంది. నాకంటే గట్టిగా పాడింది. కానుక సంచి తిరిగొచ్చినాక బల్ల మీద బోర్లించినా. చిల్లర మధ్యలో గ్లౌజులు. ఉతికి, మడత పెట్టి.

సంఘమంతా చూస్తాంది. వాటిని తీయడానికి నాకు చెయ్యి రాలేదు.