నిండు ట్యాంకు

చంపాపేట్, మంగళవారం

ప్రియమైన భూలక్ష్మికి,

రెండు రోజుల నుంచి ముసురు. పొద్దున మీ అన్నను దిల్‌సుఖ్‌నగర్ దుకాణంల దించి, పెద్ద అంబర్‌పేట్ గోదాముకు పోయి చీరల మూటలు ఎత్తుకొచ్చిన. షెడ్డుల మరమగ్గాలు నీ చెవులు తిన్నంక ఫోను దండుగ. అందుకే రాసి బస్సుల పంపుతున్న.

బావ కారు మునుపటి లెక్క నడుస్తలేదు. పొద్దుగాల స్టార్ట్ కాదు. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గుంజదు. లీటరుకు పదిహేను ఇచ్చేది పదమూడుకు పడ్డది. బావ సంగతి నీకెరుకే. సోమవారం సోమవారం ట్యాంకు మూతిదాక నింపిస్తడు, మీటరు చూసి లెక్క కడతడు. నిన్న మీ వదిన సుచిత్రక్క చీర మడతపెట్టుకుంట, "తమ్ముడూ, మన పెట్రోలు ఎవల బండి తాగుతుందో" అన్నది. పనోళ్లు నవ్విన్రు. నేను గూడ నవ్విన.

మెకానిక్ కృష్ణను అడిగిన. ఇప్పుడు పెట్రోల్ల ఐదోవంతు ఇథనాల్ కలిపి వస్తుందంట. చెరుకు నుంచి, నూకల నుంచి తీస్తరు. పెట్రోలుకున్నంత వేడి దానికి లేదు, అందుకే గంతే దూరానికి ఎక్కువ తాగుతది. కొత్త బండ్లు తట్టుకుంటయి, పాతవాటి రబ్బరు పైపులు మెత్తబడుతయి అన్నడు. గదే బావకు చెప్పిన. "బండికి సారా తాపుతున్నరా ఇంజనీరు గారూ, మీరే తాగుతున్నరా" అన్నడు.

దసరాకు తుర్కయంజాల్‌ల కొత్త దుకాణం తెరుస్తడు. ఎనుక రెండు గదులు మనకిస్తనన్న మాట ఇంకా తప్పలే. నువ్వు, వాణి వస్తే ముగ్గురం ఒక్కకాడ ఉంటం. నా మనసుల గదొక్కటే ఉంది.

నీ రమేష్


వాణి నాయినకు, భూలక్ష్మి రాసేది.

నీ ఉత్తరం కంటే ముందు అన్నే వచ్చిండు. చెరుకు సంగతి షెడ్డుల అండాలమ్మకు చెప్తే, "మా ఆయన గూడ తాగొచ్చిన నాడు గిసుంటియే చెప్తడు" అన్నది.

అన్న కొట్లాడలే. దుకాణంల నలుగురి ముందర తప్పయిందని ఒక్క మాట అంటే చాలు, గదులు మీకే అన్నడు. నువ్వు తీయలేదని నాకెరుకే. ఎరుకై ఏం జేయాలె? నిజంల కాపురం ఉండలేం, గదులల్ల ఉంటం. ఒక్క మాటకు నోరు అరగదు. వాణికి బడి మార్చాలె. జల్ది చెప్పు.

పైలం.
భూలక్ష్మి


చంపాపేట్, శుక్రవారం

ప్రియమైన భూలక్ష్మికి,

వాన తగ్గింది. నీ ఉత్తరం అందిన నాడే నువ్వు చెప్పినట్టు చేసిన. దుకాణంల నిలబడి, "తీసిన బావా, తప్పయింది" అన్న. టైలర్ సీతారాములు మిషన్ నడుపుతుండె. ఆయనకు వినబడలేదని సుచిత్రక్క మిషన్ ఆపించి మళ్ల చెప్పించింది. చెప్పిన. బావ చాయ్ తెప్పించిండు.

నాకు తర్వాత తట్టింది. దొంగతనం ఆగినంక బండి మళ్ల పదిహేను ఇయ్యాలె గదా. ఎట్ల ఇస్తది? పెట్రోలు అదే, పైపులు అవే. లెక్క కుదరాలెనని నేనే పెట్రోలు కొనుక్కొచ్చి, సీసతోని ట్యాంకుల పోసుడు మొదలుపెట్టిన. కొన్ని వారాలు కుదిరింది. "చూసిన్రా, చెయ్యి ఆగితే బండి బాగైంది" అని బావ అందరికి చెప్పుకున్నడు.

నిన్న మధ్యాహ్నం దుకాణం ఎనుక ట్యాంకు మూత తీసి, పైపు పెట్టి, సీస పట్టుకొని ఉన్న. సుచిత్రక్క చూసింది. పోస్తున్న అక్కా అన్న. బావ వచ్చిండు. "ఎవడన్న పక్కోని బండిల సొంత పైసల పెట్రోలు పోస్తడా?" అన్నడు. బండి తాళంచెవి తీసుకున్నడు.

నేను తీయలేదని నువ్వు రాసిన ఉత్తరం నా జేబుల ఉండె. చూపిస్తే నీకు పుట్టిల్లు ఉండదని చూపించలే. నువ్వే ఒకసారి వచ్చి బావకు చెప్పు.

నీ రమేష్


రమేష్‌కు,

చలి మొదలైంది. షెడ్డు పని మానేసిన. అన్న కొత్త డ్రైవర్‌ను పెట్టుకున్నడు. అతని చేతుల గూడ బండి పదమూడే ఇచ్చింది. పోయిన వారం పెద్ద అంబర్‌పేట్ కాడ పైపు చినిగి ఆగిపోతే, కృష్ణ వచ్చి మెత్తబడ్డ రబ్బరు అన్న చేతుల పెట్టిండంట. అన్న ఆ బండి అమ్మేసిండు.

నువ్వు తీయలేదని అన్నకిప్పుడు ఎరుకే. "నేను దొంగ అనలే, ఆయనే అన్నడు, అందరు విన్నరు. ఇప్పుడు కాదంటే నా మాట ఏమైతది" అన్నడు.

నాకు, వాణికి గదులు ఇచ్చిండు. దుకాణంల నాకు పని గూడ ఇచ్చిండు. దొంగ పేరు పడ్డోడు మాత్రం దుకాణం ఎనుక ఉండొద్దన్నడు. నేను సరే అన్న.

నా ఉత్తరం ఇంకా నీ కాడ ఉంటే చింపెయ్.

ఊరింటి తాళంచెవి అండాలమ్మ కాడ ఉంది. సోమవారం పొద్దున మొదటి బస్సుకు వాణి, నేను ఊరు విడిచినం.

భూలక్ష్మి