నూనె తల

శుక్రవారం, షాదీపూర్

అన్నం సయించలేదు. హెల్త్ క్యాంపులో ఆ ఇంజనీరు పక్కన పేర్లు రాస్తూ రోజంతా కూర్చున్నందుకు ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

తలకు పట్టీ కడితే మెదడులో కరెంటు చూపించి, మూర్ఛ జబ్బును పసిగట్టే కొత్త మిషన్ అట. సముద్రం దాటి మెయిన్‌లాండ్ నుంచి దాన్ని తెచ్చిన ఇంజనీరు సార్‌కి ఇంత చదువుండీ ఒక్క సంగతి తెలీదు. మన ఆడాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే నిండా కొబ్బరినూనె పెట్టి, నున్నగా దువ్వుకునే వెళ్తారు. అది మర్యాద. నూనె తల మీద ఆ పట్టీ పనిచెయ్యదు.

ఎదురింటి అప్పలమ్మ పిన్ని తల ముట్టుకుని సార్ మొహం చిట్లించాడు. "ఛీ, కిత్‌నా గందా!" ఎంత మురికి, అంటూ ఆవిడ ముందే టిష్యూతో వేళ్లు తుడుచుకున్నాడు.

"నూనె రాసుకోవద్దని ముందే చెప్పాల్సింది మనమే కదా సార్" అన్నాను.

"పేషెంటు సహకరించలేదని రాసి పేరు కొట్టెయ్ దీదీ. టైమ్ లేదు" అన్నాడు.

సహకరించలేదట! పొయ్యి దగ్గరే మూర్ఛొచ్చి చెయ్యి కాల్చుకున్న మనిషి. పొద్దున్నే వచ్చి, పూలు కూడా పెట్టుకుని క్యూలో నిలబడింది. రేపు ఈ పరీక్షల మీద సార్ రాసే రీసెర్చ్ పేపర్ అచ్చయితే ఈ ద్వీపాల ఆడాళ్లంతా ఇంతేనని చదువుతారు కాబోలు.

సార్ మిషన్ సర్దుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయాక పిన్ని మళ్లీ వచ్చింది. షాంపూతో రుద్ది రుద్ది కడుక్కున్నట్టుంది, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఖాళీ బల్ల ముందు కూర్చుని, తల నావైపు వంచి అడిగింది.

"ఇప్పుడు నా తల పనికొస్తాదేటమ్మా?"