పెదనాయన చెప్పిన సాక్ష్యం

పెదనాయనకు వందనాలు.

ఆదివారం ఉదయగిరి గుడిలో నువ్వు చెప్పిన సాక్ష్యాన్ని చెల్లి జెస్సీ వీడియో తీసి పంపింది. "కళ్లెదురుగా ఏమీ కనపడని పొగమంచులో మా పాప ప్రభువును తలుచుకొని విమానాన్ని తన చేత్తో దించినాది" అన్నావు. సంఘమంతా స్తోత్రం అంది. వచ్చే వారం ఆత్మకూరు కూడికలోనూ అదే చెబుతావట. ఈలోపు దాన్ని సరిచేయాలి.

ఆ రోజు విమానాన్ని నేను దించలేదు. అంత పొగమంచులో చేత్తో దించకూడదని మా నియమం, ఆటోపైలటే దించుతుంది. కెప్టెన్‌గా నా పని దాన్ని గమనిస్తూ కూర్చోవడం, అది దారి తప్పితే విమానాన్ని మళ్లీ పైకి లేపడం. అది తప్పలేదు. దిగాక ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. నా అరచేతులు పొడిగానే ఉన్నాయి.

మామూలు రోజుల్లో నేల దగ్గరపడేదాకా అదే నడుపుతుంది, చివర్లో మేము అందుకుంటాం. పోయిన వారం తిరుపతికి వస్తూ, చేతికి అలవాటు తప్పకూడదని, చాలా పైనే ఆటోపైలట్ ఆపేసి కిందిదాకా నేనే నడిపాను. అలా నడిపి నెలలయింది. మంచి ఎండ. గాలి లేదు. రన్‌వే దూరం నుంచే కనిపిస్తోంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాల్సిందీ ఏమీ లేదు. ఇంజన్లు ఆపాక చూసుకుంటే అరచేతులు తడిసి ఉన్నాయి.

నువ్వు అబద్ధమాడావని కాదు పెదనాయనా. యంత్రం దించిందంటే స్తోత్రం ఎవరికి చెప్పాలో జనానికి తోచదు. అయినా ఆత్మకూరులో పొగమంచు సంగతి ఎత్తవద్దు. ప్రార్థన పెట్టించాలనుకుంటే, మంచి ఎండలో తడిసిన ఈ చేతుల కోసం పెట్టించు.

నీ తమ్ముడి కూతురు