అంజయ్య బాబాయి వాసన చూసిన పైపు

గురువారం, పడుకోబోయే ముందు

సముద్రం దాటి వచ్చిన పాత పొగాకు పైపు ఈరోజు చేతికందింది. అడుగు చదునుగా ఉండటంతో బల్ల మీద తనంతట తనే నిలబడింది. నా దగ్గరున్న పదకొండు పైపుల్లో ఒక్కటీ ఇంత నిటారుగా నిలబడదు!

కడుగుదామని స్పిరిట్ సీసా మూత తీశాను. అంతలో పక్కింటి అంజయ్య బాబాయి వచ్చాడు. నలభై ఏళ్లు బ్యారన్‌లో, అంటే మంటపెట్టి ఆకు ఆరబెట్టే కొట్టంలో, పొగాకు క్యూరింగ్ చేసిన మనిషి. పొగాకు కూరే పైపు గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“ఒరేయ్ అబ్బాయ్, ఇది మన ఒంగోలు వైపు ఆకేరా. మంటెక్కువై మాడింది.”

“అంత ఖాయంగా ఎలా చెబుతున్నావు బాబాయ్?”

“ఒకసారి కునుకు తీసి బ్యారన్ మొత్తం మాడగొట్టాను. ఆ వాసన మర్చిపోతానా?”

నేనూ వాసన చూశాను. బాబాయి మాడగొట్టిన ఆకే ఓడెక్కి వెళ్లి ఈ పైపులో కాలిందని అనలేను, కాదనీ అనలేను. కడిగేస్తే మాత్రం ఆ వాసన ఇక ఉండదు...

వెళ్లేముందు బాబాయి ఇంకోసారి వాసన చూస్తానని అడిగాడు.

స్పిరిట్ సీసా మూత బిగించేశాను.