మామిడిచెట్టు మీది ఆర్కిడ్

ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు. కానీ ఈ సంగతి మీకు కాక ఇంకెవరికి చెప్పను? మీరు మామిడిచెట్టుకు కట్టిన ఆర్కిడ్ పూసిందండీ, మీరు పోయి సరిగ్గా ఏడాది నిండిన ఇవాళే. ఐదు ఊదారంగు పువ్వులు. కంటోన్మెంటులో మీరు తోటపని చేసిన బంగళా దొర ఇంగ్లండు వెళ్లిపోతూ మీ చేతిలో పెట్టిన మొక్క. మట్టి లేకుండా ఎట్లా బతుకుతుందని అప్పుడు నవ్వినవాళ్లందరినీ పిలిచి మరీ చూపించాను.

మీ తమ్ముడూ వచ్చాడు, ఖాళీ ఇనుప ట్రంకుపెట్టె మోసుకుని. పోలీసు యాక్షన్ అయినప్పటి నుంచి అతని నోట కరాచీ పోదామన్న మాట తప్ప వేరే మాట లేదు.

"బట్టలు సర్దు భాబీ. ఈ సికింద్రాబాదుల ఇంక మనకేమున్నది? ఈ మొక్కను చూడు, మట్టే లేదు, అయినా పూసింది. మనం సుత గట్లనే ఎక్కడైనా బతుకుతం."

నాకు ఒళ్లు మండింది. "అయితే దాన్ని సుత తీస్కపో. తియ్యి, చూస్త."

అతను ఒక వేరు పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగితే దాంతో పాటు మామిడి బెరడు పెచ్చుగా ఊడింది.

"చెట్టు తోలు వస్తున్నది భాబీ," అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాది సుత గంతే. పోయేటోళ్లు పోండి."

పెట్టె వదిలేసి వెళ్లిపోయాడు. పువ్వులేమో నా చేతికందని ఎత్తులో ఉన్నాయి. ఆ పెట్టెను బోర్లించి, దానిమీద నిలబడి నీళ్లు చల్లాను. గట్టి పెట్టేనండీ. రోజూ పనికొస్తుంది.