పది నిమిషాలకోసారి

బంజారా హిల్స్,
గురువారం.

అమ్మా,
అల్లుడు ఫోన్‌లో అరిచి చెప్పింది నీకెంత వినపడిందో అని ఈ కార్డు. నెలలు నిండకుండానే కాన్పయింది కానీ, నేనూ నీ మనవరాలూ బాగున్నాం.

శుక్రవారం ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతుంటే నడుము లాగి, పొట్ట గట్టిపడుతూ వచ్చింది. గ్యాసనుకుని వాము నీళ్ళు తాగి మళ్ళీ మైకు ముందు నిలబడ్డాను. కనిపెట్టింది సౌండ్ ఇంజనీరు శ్రీశైలమే. "అక్కా, పది నిమిషాలకోసారి నీ గొంతు ఆగుతున్నది. గిది గ్యాస్ కాదు, నొప్పులే. నడు దవాఖానకు" అని తన కార్లో తీసుకొచ్చాడు. డాక్టరమ్మ మందులతో కాన్పును రెండు రోజులు ఆపి, ఈలోగా బిడ్డ ఊపిరితిత్తులకు బలం రావాలని నాకు ఇంజెక్షన్లు ఇచ్చింది. ఆదివారం పుట్టింది, కిలో ఆరువందలు. రోజూ గుండెల మీద పడుకోబెట్టుకుంటున్నాను, నా ఒంటి వేడే దానికి దుప్పటి.

గౌన్లు కుట్టకు, అన్నీ వదులైపోతాయి. పొత్తిగుడ్డలకు నీ పాత నూలు చీరలు ఉతికి పంపు. బీపీ మాత్రలు మానలేదు కదా? పక్కింటి రాజమ్మత్త ఏడో నెల పిల్ల నిలుస్తుంది కానీ ఎనిమిదో నెల పిల్ల నిలవదంటుంది, వినకు. ఏడో నెల పిల్ల కంటే ఇది ఒక నెల ఎక్కువే పెరిగిందని డాక్టరమ్మ నవ్వింది. అయినా అత్తకు నా నమస్కారాలు చెప్పు.

సినిమాల్లో పసిపిల్లల ఏడుపులన్నీ నావే కదా. పుట్టినప్పుడు గొంతు పెగలని నా కూతురు నిన్న మొదటిసారి ఏడ్చింది, పిల్లికూనంత గొంతుతో. నర్సులు ఊరుకోబెడుతుంటే నేను మాత్రం స్టూడియోలోలాగా "వన్ మోర్" అన్నాను.

నీ పద్మప్రియ