ఇళ్ళ క్యూలో తూవా

ఫిబ్రవరి 27, ఉదయం 8

తూవాకి ఈరోజుతో పద్దెనిమిది నిండాయి. స్టాక్‌హోమ్‌లో పద్దెనిమిది నిండిన పిల్లలు కేక్ కొయ్యకముందే అద్దె ఇళ్ళ క్యూలో పేరు రాయించుకుంటారు. రోజుకో పాయింటు. ఎక్కువ రోజులున్నవాళ్ళకే ఇల్లు. మా అమ్మాయి ఆసుపత్రి మంచం మీద నుంచే తన ఫోనూ కోడూ నా చేతిలో పెట్టింది. ముప్పై తొమ్మిది డిగ్రీల జ్వరం.

"ఇవాళే చెయ్యి నాన్నా. ఒక్క రోజు పోయినా నీ వీపు విమానం మోతే."

అదే రోజు, 11

కారిడార్‌లో ఫోన్‌లో క్యూ పేజీ తెరిచాను. ఊరి మధ్యలో ఇల్లు దొరకాలంటే పది పన్నెండేళ్ళు ఆగాలని ఉంది. తూవాకి ఎముకలో మొదలైన కేన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. వేసవి దాటడం కష్టమని డాక్టర్ హెడ్డా మొన్ననే నాకూ నా భార్య గునిల్లాకూ చెప్పింది.

పేజీ మూసేశాను. లోపలికెళ్ళి, అయిపోయిందని చెప్పాను.

ఫిబ్రవరి 28

రెండు నిమిషాల పని. ఎందుకు చెయ్యలేదో నాకే తెలియడం లేదు.

మార్చి 16

ఇంటికి పంపారు. కొత్త మాత్రలు మొదలయ్యాయి. పనిచేస్తాయా అని అడిగితే చూద్దామంది హెడ్డా.

తూవా వంటింటి క్యాలెండర్ మీద పద్దెనిమిది అని రాసింది. క్యూలో తన రోజులట. బాల్కనీ కావాలట, లిఫ్ట్ ఉండాలట, పై అంతస్తులో డ్రమ్స్ వాయించేవాడు ఉండకూడదట. గునిల్లా పగలబడి నవ్వింది. ఆర్నెల్ల తర్వాత విన్నాను ఆ నవ్వు. ఇప్పుడెలా చెప్పను?

ఏప్రిల్ 9

ఇవాళైనా రాయించేద్దామనుకున్నాను. రాయిస్తే ఇవాళ్టి తేదీయే పడుతుంది, అబద్ధం బయటపడుతుంది. రాయించకపోతే ఇంకో రోజు పోతుంది. ఆ రోజులతో ఏం పని అనుకున్నవాణ్ణి, పోతున్నాయని ఇప్పుడెందుకు బాధ?

తూవా రెండు ప్లేట్ల మీట్‌బాల్స్ తింది. దాన్ని ఆశ అనుకోవాలో, ఆకలి అనుకోవాలో.

ఏప్రిల్ 28, సాయంత్రం 5

స్కాన్ రిపోర్ట్ వచ్చింది. గడ్డలు సగానికి తగ్గాయి. పోలేదు, తగ్గాయి. ఎన్నాళ్ళు ఇలా ఉంటుందో ఎవరూ చెప్పలేరని హెడ్డా రెండుసార్లు అంది. నాకు సంతోషం వెయ్యాలి కదా. ముందు గుర్తొచ్చింది ఆ క్యూ.

కారెక్కగానే తూవా తన లెక్క చెప్పింది. అరవై ఒకటో రోజట. ఇక నా వల్ల కాలేదు. చెప్పేశాను.

గునిల్లా నా వైపు చూడలేదు. తూవా కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"అంటే, నేను పోతాననే అనుకున్నావు కదా నాన్నా."

అవునన్నాను. ఇంకేమనను?

ఏడుస్తూనే తిట్టింది. నేను మింగేసిన రోజులకు తన బాల్కనీ ఇంకెవడికో పోతుందంది. ఆ ఏడుపులోనే ఫోన్ తీసి తన పేరు తనే రాయించుకుంది. ఇల్లు మారే రోజు సోఫా నేనొక్కడినే మెట్ల మీదుగా మొయ్యాలట, లిఫ్ట్ ఉన్నా సరే. ఎన్నో అంతస్తు అని అడిగాను. మాట వరసకు కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది. నాలుగో అంతస్తట.

ఇంటికి రాగానే క్యాలెండర్ మీద అరవై ఒకటి కొట్టేసి, ఒకటి అని రాసింది.

ఏప్రిల్ 29, ఉదయం 6

తూవా ఇంకా లేవలేదు. ఇవాళ నేనే రాశాను.

రెండు.